అంతయ్య పోసిన నీళ్లు

పగవాడి పక్కన చాప పరుచుకుని ఏళ్లతరబడి పడుకోవలసి వస్తే ఎట్లా ఉంటుందో బుచ్చవ్వను అడగాలి. ఆమె పగ మనిషితో కాదు, ఇంజనుతో. రామచంద్రం పటేలు ద్రాక్షతోటలో, బావిగడ్డన రేకుల కొట్టంలో తుప్పుపట్టి పడి ఉన్న పాత విలాయతి కారు ఇంజను అది. తన మొగుడు అంతయ్యను ఆ ఇంజనూ, అతని తాగుడూ కలిసి మింగాయని ఆమె నమ్మకం. తాగుడును ఆమె ఎన్నడూ క్షమించలేదు. ఇంజను మీద మాత్రం తడిచీర ఆరేసుకునేది, ఉల్లిగడ్డలు పెట్టుకునేది, పిల్లి దాని సందులోకి దూరి పిల్లల్ని పెడితే ఇన్ని పాలచుక్కలు పోసేది. ఉన్నది ఒక్కటే కొట్టమాయె. పగను బయట నిలబెట్టి తలుపు వేసుకునే వీలెక్కడిది?

ఆ కొట్టమూ ఆమెది కాదు. ఎనభైల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ చౌరస్తా దాటేదాకా ఎటు చూసినా సున్నం కొట్టిన హద్దురాళ్లే. నిన్న జొన్నచేను ఉన్నచోట ఇవాళ ఒక బోర్డు, బోర్డు మీద ఒక దేవుడి పేరు, దాని చివర ఒక 'నగర్'. దేవుళ్లు చాలకపోతే పటేళ్ల తాతల పేర్లు, తాతలూ అయిపోతే చంటిపిల్లల పేర్లు. గుంటూరు, ఏలూరు, బెజవాడ నుంచి వచ్చిన ఉద్యోగస్థులు ఆదివారాలు గొడుగులు పట్టుకుని వచ్చి, తమ రాళ్ల నడుమ నిలబడి, వంటిల్లు ఇక్కడ, పూజగది అక్కడ అని గాలిలో ఇల్లు కట్టుకుని, ఆ సంతోషంతోనే సిటీ బస్సెక్కి పోయేవాళ్లు. రామచంద్రం పటేలు కొడుకు బాలకృష్ణ తండ్రి తోటకు కూడా అట్లాగే రాళ్లు పాతించాడు. వాటిని ఎవరూ పీకి పక్కకు జరపకుండా చూడమని బుచ్చవ్వను కాపలా పెట్టాడు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఒకరోజు అతను స్కూటర్ మీద వచ్చి, దిగకుండానే చెప్పాడు.

"అవ్వా, పెత్రమాస పోంగనే బావి పూడుస్తరు. కొట్టం గూడ పీకేస్తరు. నువ్వు అల్మాస్‌గూడల మీ చెల్లెలింటికి పో. అక్కడ గూడ మనోళ్ల ప్లాట్లున్నయి, కాపలా పని ఇప్పిస్త."

"మరి గీ ఇంజనో?"

"దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక ఆంధ్ర సారు వస్తడు. పనికొచ్చే సామాను ఇప్పుకొని పోతడు. మిగిలింది పాతినుముల పోతది."

"పీడ పోతది తియ్యి" అంది బుచ్చవ్వ. ఆ మాట మనసారా అంది.

అంతయ్య సంగతి చెప్పాలంటే ఆ ఇంజను సంగతే చెప్పాలి. ఎవరో జాగీర్దారు ఇంట్లో వాడి వాడి వదిలేసిన కారును రామచంద్రం పటేలు తండ్రి మోజుపడి కొన్నాడట. ఊరి బాట దానికి పడలేదు. తోలింది తక్కువ, తోసింది ఎక్కువ. కారు పైభాగమంతా తుప్పుపట్టి రాలిపోయాక రామచంద్రం పటేలు ఇంజను ఒక్కటీ ఊడదీయించి, బావిగడ్డన సిమెంటు దిమ్మె కట్టించి, దాని మీద బిగించి, పంపు తిప్పడానికి బెల్టు పట్టా వేయించాడు. అప్పటికి ఆ తోటకు కరెంటు స్తంభాలు రాలేదు. పెట్రోలు చుక్కతో లేపి, ఆనక గ్యాసునూనె, అంటే కిరోసిన్ మీద నడిపేవాళ్లు. అంతకుముందు అదే బావి మీద ఎడ్లతో మోట కొట్టిన అంతయ్య చేతికే ఆ ఇంజనును అప్పగించారు.

ఎడ్లు పోయినా అంతయ్యకు ఎడ్ల అలవాట్లు పోలేదు. హ్యాండిలు తిప్పేముందు ఇంజను వీపు మీద అరచేత్తో చరిచి "లే బిడ్డా" అనేవాడు. నీళ్లు తాగించనిదే పనికి తోలేవాడు కాదు. కుండతో బావినీళ్లు తెచ్చి రేడియేటర్లో పోస్తే, అంచు దాటి పొర్లి తన కాలి మీద పడాలి. కాలు తడవనిదే హ్యాండిలు ముట్టడు. చలికాలం పొద్దున కాళ్లు కొంకర్లు పోతున్నా సరే. "పెండ్లాం అన్నం తిన్నదా అని అడిగినోడివి కాదు గని, గీ ఇనుప ముండకు మాత్రం కడుపు నిండాలె నీకు" అని బుచ్చవ్వ దెప్పేది. అతను నవ్వేవాడు. సాయంత్రం పనయ్యాక ఒక ముంత కల్లు తాగేవాడు. ఆ కాలంలో ఆ చుట్టుపక్కల తాగని కూలివాడు ఉంటే చూపించండి. అయినా బుచ్చవ్వకు అది గిట్టేది కాదు.

డెబ్బయిరెండు కరువు ఏడు, ఎండలు ముదరకముందే పటేలు చాదర్‌ఘాట్ నుంచి ఒక పేరున్న మిస్త్రీని పిలిపించి ఇంజను విప్పించాడు. అంతయ్యను పట్టా కొనుక్కురమ్మని పట్నం పంపించాడు. మిస్త్రీ చెయ్యి పెట్టినచోట కూలివాడు ఉండడం దేనికని. మిస్త్రీ పని చేసి, బిగించి, లేపి చూపించి, దావతు తిని వెళ్లిపోయాడు. తర్వాత అంతయ్య నడిపితే ఇంజను ఎందుకో వేడెక్కుతున్నది. వెళ్లి పటేలుకు చెప్పాడు.

"పటేలా, ఇంజను బాగ కాగుతున్నది. మల్ల ఒకపారి ఇప్పి చూపియ్యాలె."

"ఇంజను కాదురా అంతయ్య, నువ్వే కాగుతున్నవ్. జర కల్లు తగ్గియ్యి" అన్నాడు పటేలు. పందిరి కింద ఉన్నవాళ్లంతా నవ్వారు. అందులో బుచ్చవ్వ కూడా ఉంది.

కొద్దిరోజులకు, మిట్టమధ్యాహ్నం, ఇంజను కీచుమని అరిచి ఆగిపోయింది. అందరూ పరిగెత్తుకొచ్చేసరికి కొట్టమంతా ఆవిరి. గుడ్డ పట్టుకుని మూత తీస్తే రేడియేటర్లో నీటిచుక్క లేదు. ఇంజను పక్కన, కిందుగా బీట పగిలింది. ఆ రోజే తుర్కయంజాల్ నుంచి వచ్చిన చుట్టం కల్లు తెచ్చాడు. అంతయ్య పొద్దున నీళ్లు పోసి ఇంజను లేపినాకనే ఆ కల్లు తాగాడు. కానీ నోటి దగ్గర వాసన వస్తుంటే ముందూ వెనకా ఎవరు అడుగుతారు?

"నీళ్లు పోసినవారా?"

"పోసిన పటేలా. నా కాలు తడిసింది."

"నోరు తడిసింది, కాలు కాదు" అన్నాడు పటేలు. తోటంతా విన్నది.

ఆ ఎండాకాలం అనాబెషాహి ద్రాక్షగుత్తులు పందిరి మీదనే వడలి రాలిపోయాయి. తోటలో పని చేసేవాళ్లందరికీ పని పోయింది. పోయినవాళ్లంతా పోతూపోతూ అంతయ్యను ఒక మాట అని పోయారు. మళ్లీ ఎవరూ అతన్ని ఇంజను ముట్టుకోనివ్వలేదు. తుర్కయంజాల్ అవతల క్వారీలో కంకర కొట్టే పనికి పోయాడు. కొత్త కాలనీల ఇళ్ల పునాదులకు ఆ కంకరే వచ్చేది. కొన్నేళ్లకు ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి దవాఖానలో పడ్డాడు.

చనిపోయే ముందు రోజు పగలు, బుచ్చవ్వ గంజి తాగిస్తుంటే, చెయ్యి పట్టుకున్నాడు.

"నేను నీళ్లు పోసిన బుచ్చవ్వా. లోకం నమ్మకుంటె పాయె. నువ్వన్న నమ్ము."

"పోసినవు తియ్యి. గంజి తాగు" అంది ఆమె.

మారాం చేసే పిల్లవాడితో ఎట్లా అంటామో అట్లా అంది. అది అతనికి తెలిసింది. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. గంజి తాగలేదు.

ఆ తర్వాత ఏటేటా భాద్రపద అమావాస్యకు, పెత్రమాస నాడు, బుచ్చవ్వ అతని పేరున బియ్యమిచ్చేది. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆ రోజు ఆకులో వడ్డించడం అక్కడి ఆనవాయితీ. తాగే అలవాటు ఉన్నవాళ్లకు ఆకు పక్కన కల్లు కూడా పెడతారు, చనిపోయినవాళ్లతో పంతమెందుకని. బుచ్చవ్వ గారెలు చేసేది, గుమ్మడికాయ వండేది, అన్నం మీద నెయ్యి కూడా వేసేది. కల్లు మాత్రం ఒక్క ఏడూ పెట్టలేదు. చెల్లెలు అడిగితే, "బతికున్నప్పుడు తాగింది చాలదా? దాంతోనే కద మా బతుకు మునిగింది" అనేది.

బాలకృష్ణ చెప్పిన ఆంధ్ర సారు పట్టాభి ఒక ఆదివారం పొద్దున్నే సైకిలు రిక్షాలో సామాను వేసుకుని వచ్చాడు. ఏలూరు మనిషి. ఉద్యోగం లెక్కల్లో, మనసు నట్లలో. తండ్రి వాడిన పాత కారు ఒకటి అక్కడి నుంచి లారీ మీద తెచ్చుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇంటి ముందు టార్పాలిన్ కప్పి పెట్టుకున్నాడట. ఇంటివాళ్లు విసుక్కుంటున్నారట. అది కదలాలంటే అదే రకం ఇంజను సామాను కావాలి, అది ఎక్కడా దొరకదు.

"చూడండమ్మా, అచ్చం మా నాన్నగారి బండిదే! ఇలాంటిది ఈ ఊళ్లో ఉంటుందని కలలో కూడా అనుకోలేదు" అని ఇంజను చుట్టూ తిరిగాడు, పెళ్లిచూపులకు వచ్చినవాడిలాగా. తుప్పు బోల్టులన్నిటికీ గ్యాసునూనె పోసి, నాననిచ్చి, పానా పెట్టి ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. బుచ్చవ్వ గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతూ చూసింది. కార్బురేటర్ ఊడింది. బాగైంది అనుకుంది. మాగ్నెటో ఊడింది. ఇంకా బాగైంది అనుకుంది. రేడియేటర్ ఇత్తడి మూత కనపడక అతను వెతుకుతుంటే, లేచి ఉప్పుకుండ మీద నుంచి తీసి ఇచ్చింది.

"ఇది మీ ఆయన నడిపేవారటగా?" అన్నాడు పట్టాభి.

"నడిపిండు. ఆయననే పాడుజేసిండు. తాగి నీళ్లు పొయ్యలే" అంది బుచ్చవ్వ. ఊరంతా అన్న మాటనే, ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర, ఆమే అంది.

పట్టాభి పానా పట్టుకుని ఇంజను కింది వైపు వంగాడు. ఇంజను పక్కన, కింద, రేడియేటర్ నుంచి నీళ్లు లోపలికి పోయే గొట్టం మూతి ఉంటుంది. తన కారుది పగిలి కారుతున్నది కాబట్టి అతనికి అన్నిటికంటే ముఖ్యంగా కావలసింది అదే. బోల్టులు విప్పి, చెక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా తడితే ఊడి వచ్చింది. పట్టాభి లోపలికి చూశాడు. వేలు పెట్టాడు. స్క్రూడ్రైవరు పెట్టి గుంజాడు. తుప్పురంగు ముద్ద ఒకటి బయటికి వచ్చింది.

"ఇదేంటి? గుడ్డ!" అన్నాడు. "ఎవరో గుడ్డ కుక్కి మర్చిపోయారమ్మా. విప్పినప్పుడు మట్టి పడకుండా పెడతారు. తియ్యకుండానే గొట్టం బిగించేసినట్టున్నారు."

"అంటే ఏంది సారూ?"

"అంటే, పైన ఎన్ని నీళ్లు పోసినా ఇంజన్లోకి సరిగ్గా పోవన్నమాట. మొదట్లో సందుల్లోంచి కొంచెం కొంచెం పోయుంటాయి. ఆనక గుడ్డ ఉబ్బి పూర్తిగా మూసుకుపోతుంది. లోపల కాలిపోతుంది, పైన నీళ్లు మరిగి ఆవిరైపోతాయి. మూత తీసి చూస్తే చుక్క కూడా ఉండదు. పాపం, మీ ఆయన నీళ్లు పోసే ఉంటారు."

చెప్పి, గుడ్డను పక్కకు విసిరేసి, గొట్టం మూతిని పాత పేపర్లో చుట్టుకోవడంలో పడ్డాడు. తాను అన్న మాట ఎంతటిదో అతనికి తెలియదు, పాపం.

బుచ్చవ్వ చాట కింద పెట్టింది. అంతయ్య ఎన్నడూ గుడ్డ కుక్కేవాడు కాదు. గింజలు ఒలిచిన మక్క బెండు పెట్టేవాడు, సగం బయటికి కనపడేటట్టు, మర్చిపోదామన్నా మర్చిపోలేనట్టు. మరి ఈ గుడ్డ ఎవరిది? లేచి వెళ్లి ముద్దను తీసుకుంది. బావి దగ్గర తొట్లో ముంచి మడతలు విప్పింది. పైమడత చేతిలోనే చివికిపోయింది. లోపలి మడతలో రంగు మిగిలి ఉంది. ఆకుపచ్చ గళ్లు. వాటి నడుమ తెల్లదారం కుట్లు.

అది ఆమె చీర. తోట ముళ్లతీగ తగిలి చిరిగితే, ఆకుపచ్చ దారం లేక తెల్లదారంతో కుట్టుకుంది. ఆ కుట్లు చూసి అంతయ్య, "పచ్చటి చేన్ల కొంగలు వాలినట్టున్నయి గదనే" అని ఆటపట్టించాడు. ఆ చీర బాగా పాతబడ్డాక, అంతయ్య పట్టా కోసం పట్నం పోయిన రోజు, చాదర్‌ఘాట్ మిస్త్రీ, "అమ్మా, గుడ్డపేలిక ఏమన్న ఉన్నదా?" అని అడిగితే, ఆమే, తన చేతులతోనే చింపి ఇచ్చింది. మిస్త్రీ చాయ్ కూడా ఆమే పెట్టి ఇచ్చింది.

బుచ్చవ్వ తొట్టి అంచున కూలబడింది. కొట్టంలో ఆమె తల పెట్టుకున్న చోటి నుంచి చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఇన్నేళ్లూ, ఆ గుడ్డ ఉంది. తల పక్కనే సాక్ష్యం పెట్టుకుని ఆమె మొగుణ్ణి తిట్టుకుంటూ పడుకుంది.

"ఏమైందమ్మా? ఒంట్లో బాలేదా?" అన్నాడు పట్టాభి కంగారుగా.

"ఏం కాలే సారూ. మీ పని కానియ్యుండ్రి" అంది.

మర్నాడు ఆమె ఆ గుడ్డను కొంగులో మూటకట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో బాలకృష్ణ కట్టిన కొత్త ఇంటికి వెళ్లింది. ఎవరో ఒకరు అనాలి కదా. అంతయ్య తప్పు చేయలేదు అని, ఆనాడు తోటంతా వినేటట్టు అన్న నోళ్లలో ఒక్క నోరన్నా అనాలి కదా. బాలకృష్ణ ప్లాట్లు కొనేవాళ్ల నడుమ కూర్చుని ఉన్నాడు. అయినా లేచి వచ్చి, గుడ్డ చూసి, విన్నాడు. చెడ్డవాడు కాదు.

"అయ్యో అవ్వా! గట్లయిందా?" అన్నాడు. "ఇప్పుడేం జేస్తం చెప్పు. గా మిస్త్రీ లేడు, తోట లేదు. పాత ముచ్చట తవ్వుకొని పరేషాన్ గాకు. అన్నం తిని పో."

"పెద్ద పటేలుకు ఒక్క మాట చెప్పి పోత."

"నాయనకు ఏం యాదికుండది అవ్వా. సరే, పో, వరండల కూసున్నడు."

రామచంద్రం పటేలు వరండాలో కుర్చీలో కూర్చుని, ఎదురుగా వీధిలో పోతున్న ఆటోలను తోటలోకి జొరబడ్డ గొడ్లలాగా చూస్తున్నాడు. ముసలితనం ఆయన మతిని తుడిచేసి చాలా రోజులైంది. బుచ్చవ్వ వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

"పటేలా, నేను బుచ్చవ్వను. అంతయ్య పెండ్లాన్ని."

"అంతయ్యనా?" పటేలు మొహం విప్పారింది. "ఏడున్నడే వాడు? ఇంజను లేపిండా? నీళ్లు పోసిండా?"

ఆయన నిలదీయడం లేదు. ఏ పొద్దున్నో అడిగే మామూలు మాట. ఆగిపోయిన ఇంజను, రాలిపోయిన గుత్తులు, తాను అన్న మాట, ఏవీ ఆయన దగ్గర లేవు. బుచ్చవ్వ కొంగుముడి విప్పబోయిన చెయ్యి ఆగిపోయింది.

"పోసిండు పటేలా" అంది.

"కాలు తడిసిందా?" అని బోసినోటితో నవ్వాడు పటేలు. "తడిసే ఉంటది. వాడు పోసిండంటె పోసినట్టే. అంతయ్య అసుంటి నమ్మకమైనోడు మల్ల దొరకడు. నువ్వు అదృష్టవంతురాలివి పో."

బుచ్చవ్వ అక్కడే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మతి పోయిన మనిషి తన మొగుణ్ణి నమ్మాడు. మతి ఉండి, పక్కన పడుకుని, చేత్తో గంజి తాగించిన తను నమ్మలేదు. ఆమె ఎందుకు ఏడుస్తున్నదో పటేలుకు అర్థం కాలేదు. "ఏమైందే, అంతయ్య కొట్టిండా?" అని అడిగాడు. లేదని తల ఊపింది.

పెత్రమాస నాడు పొద్దున, ఆమె జీవితంలో మొదటిసారి కల్లు కాంపౌండుకు పోయింది. అక్కడి మగవాళ్లు వింతగా చూశారు. ముంత కొంగు కింద దాచుకోకుండా అందరూ చూసేటట్టే పట్టుకుని నడిచి వచ్చింది. గారెలు చేసింది, గుమ్మడికాయ వండింది. కొట్టంలో సామాను అప్పటికే మూట కట్టి ఉంది. విస్తరిని గోడ దగ్గర కాకుండా ఇంజను దిమ్మె మీద వేసి, వడ్డించి, కల్లు ముంత పక్కన పెట్టింది. ఆకుపచ్చ గుడ్డను మడిచి ముంత పక్కన పెట్టింది.

పనికొచ్చేవన్నీ పోయి ఇంజను బోలుగా ఉంది. గొట్టం మూతి ఉండే చోట నల్లటి పొక్కిలి. బుచ్చవ్వ బావిలోంచి కుండెడు నీళ్లు తోడుకొచ్చింది. రేపు ఆ బావిలో మట్టి పడుతుంది. ఇంజను వీపు మీద అరచెయ్యి ఆనించి, పొక్కిలిలో నీళ్లు పోసింది. ఈసారి అడ్డేమీ లేదు. నీళ్లు గుటకలు వేసినట్టు లోపలికి పోయాయి. లోపల చేరి, కింద పగిలిన బీటలోంచి బయటికి వచ్చి, దిమ్మె మీదుగా కారి ఆమె పాదం మీద పడ్డాయి. చల్లగా ఉన్నాయి.

"పోసినవయ్యా" అంది బుచ్చవ్వ. ఈసారి ఊరుకోబెట్టడానికి అన్న మాట కాదు. "పోసినవు. నేనే నమ్మలే. ఇగో, కాలు తడిసింది."